పీఎఫ్ రికార్డు సరిదిద్దే ఆన్‌లైన్ సేవ: పేరు వరకు హాయి, పెన్షన్ దగ్గర ఇంకా కష్టమే

ముందే సూటిగా చెప్పేస్తాను. పీఎఫ్ చూసే సంస్థ ఈపీఎఫ్‌ఓ మెంబర్ పోర్టల్‌లో ఉండే జాయింట్ డిక్లరేషన్ సేవకి పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు లాంటివి సరిచేసుకోవడం వరకైతే ఐదుకి నాలుగున్నర ఇస్తాను. అదే పెన్షన్ సర్వీసులో (పెన్షన్‌కి లెక్కించే ఉద్యోగ కాలం), పెన్షన్ వాటాలో పడిన తప్పుల సంగతికొస్తే రెండు దాటి ఇవ్వలేను. మనలో చాలామంది మొదటి రకం తప్పు సరయ్యాక "అంతా ఓకే" అనుకుని రెండోదాని వంక చూడరు. ఈ రివ్యూ ముఖ్యంగా దాని కోసమే రాస్తున్నాను. నా రికార్డు, మా బావ రికార్డు రెండూ దగ్గరుండి సరిచేయించాను కాబట్టి ఎక్కడ సులువుగా అయిందో ఎక్కడ ఆగిందో చెప్పగలను.

మొదట మంచి సంగతి. ఒకప్పుడు పీఎఫ్‌లో పేరులో ఒక అక్షరం మారాలన్నా కాగితం ఫారం నింపి, కంపెనీవాళ్ల సంతకం, స్టాంపు వేయించి, పీఎఫ్ ఆఫీసుకి పంపి, అది ఏ టేబుల్ మీదుందో తెలియక ఎదురుచూడాల్సి వచ్చేది. 2023 ఆగస్టులో దీనికో పద్ధతి పెట్టారు. పేరు, లింగం, పుట్టిన తేదీ, తండ్రి లేదా తల్లి పేరు, బంధుత్వం, పెళ్లయిందా లేదా, చేరిన తేదీ, మానేసిన తేదీ, మానేసిన కారణం, జాతీయత, ఆధార్ నంబరు, మొత్తం 11 వివరాలు ఆన్‌లైన్‌లోనే మార్పు కోరవచ్చు. 2025 జనవరిలో ఇంకా సులువు చేశారు. 2017 అక్టోబర్ 1 తర్వాత ఆధార్‌తో యూఏఎన్ (కంపెనీ మారినా మారని మన పీఎఫ్ నంబరు) వచ్చినవాళ్లు ఈ వివరాల్లో చాలావాటిని కంపెనీ ఆమోదం, పీఎఫ్ ఆఫీసు ఆమోదం రెండూ లేకుండా ఆధార్ ఓటీపీతో తామే మార్చేసుకోవచ్చు. అంతకుముందు యూఏఎన్ వచ్చినవాళ్లకి కంపెనీ ఒప్పుకుంటే చాలు. ఆధార్ అసలు లింకే కానివాళ్లకి మాత్రం అప్పట్లో కాగితం దారే ఉంచారు.

నాది ఇంటిపేరు సమస్య. మన తెలుగువాళ్లలో పీఎఫ్ పేరు తప్పుల్లో పెద్ద భాగం ఇదే అని నా నమ్మకం. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, పాన్‌లో చివరికి పోతుంది, కంపెనీ రికార్డులో ఒక్క పొడి అక్షరం మిగులుతుంది, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. శ్రీనివాస్, శ్రీనివాసరావు, శ్రీనివాస రావు, ఇవన్నీ మనకి ఒకే మనిషి. కంప్యూటర్‌కి ముగ్గురు. ఆడవాళ్లకి పెళ్లయ్యాక ఇంటిపేరు మారితే ఇంకో తిప్పలు. దానికితోడు తండ్రి పేరు ఉండాల్సిన చోట భర్త పేరు పెట్టి, పక్కన బంధుత్వం మాత్రం తండ్రి అనే వదిలేసిన రికార్డులు ఎన్నో. ఆధార్‌తో పేరు కలవకపోతే కేవైసీ (మన గుర్తింపు ధృవీకరణ) నిలవదు, కేవైసీ లేకపోతే ఆన్‌లైన్ క్లెయిమ్ ముందుకు కదలదు. అందుకే చిన్న తప్పే కదా అని వదిలేయకండి.

చేసే పని తక్కువే. యూఏఎన్‌తో లాగిన్ అయి, మేనేజ్ కింద జాయింట్ డిక్లరేషన్ తెరిస్తే ఏ కంపెనీ మెంబర్ ఐడీకి (ఒక్కో కంపెనీలో ఉండే పీఎఫ్ ఖాతా నంబరు) మార్పు కావాలో అడుగుతుంది, ఆధార్ ఓటీపీ వస్తుంది, పక్కపక్కనే ఇప్పుడున్న వివరం, మారాల్సిన వివరం కనిపిస్తాయి. నాది పాత యూఏఎన్, కాబట్టి కంపెనీ లాగిన్‌కి వెళ్లింది. హెచ్‌ఆర్‌లో ఉన్న అమ్మాయి అదే వారం ఆమోదించింది, మార్పు పడింది, మెసేజ్ వచ్చింది. ఎవరికీ ఫోన్ చేయలేదు, ఎక్కడికీ వెళ్లలేదు. ప్రభుత్వ సేవల్లో ఇంత శుభ్రంగా జరిగిన పని ఈమధ్య నేను చూడలేదు, చేసినవాళ్లకి మనస్ఫూర్తిగా థ్యాంక్స్.

ఇక్కడొక జాగ్రత్త. ఇదంతా ఆధార్ మీద నడుస్తుంది, కాబట్టి ముందు ఆధార్ సరిగా ఉండాలి. చాలామంది పెద్దవాళ్లకి ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని పడి ఉంటుంది, తేదీ తెలియనప్పుడు అలా వేసేశారు. దాన్ని సరిచేయకుండా పీఎఫ్‌లో మార్చుకుంటే ఆ తప్పు తేదీ ఇక్కడా స్థిరపడిపోతుంది. టెన్త్ సర్టిఫికెట్ ఉంటే దాంతో ముందు ఆధార్ మార్చుకుని, తర్వాతే ఇటు రండి. తొందరపడకండి, ఎందుకంటే ఈ పద్ధతి వచ్చినప్పుడు చాలా వివరాలకి మార్పు ఒక్కసారే అని పెట్టారు. రెండోసారి మార్పిస్తారన్న ధీమాతో మొదటిసారి తోచింది కొట్టేయడం మంచిది కాదు. పుట్టిన తేదీ చిన్న విషయం కూడా కాదు. పెన్షన్‌కి 58 ఏళ్లు ఆ తేదీ నుంచే లెక్క. 50 నుంచి 58 మధ్య ముందస్తు పెన్షన్ తీసుకుంటే ఎన్నేళ్లు ముందైతే ఏడాదికి 4 శాతం చొప్పున అంత కోత పడుతుంది. ఒక్క ఏడాది తేడా వచ్చినా నెలనెలా వచ్చే డబ్బులో తేడా తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి.

మా బావ ఒక చిన్న ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు చేసి, తర్వాత ఇంకో చోట చేరాడు. పీఎఫ్ ట్రాన్స్‌ఫర్ అయింది, పేరు సరిగానే ఉంది, బ్యాంకు లింకు అయింది, పాస్‌బుక్‌లో డబ్బు కనిపిస్తోంది. అన్నీ సరిగానే ఉన్నాయి అనుకుంటున్నాడు. నేను "బావా, ఒక్కసారి సర్వీస్ హిస్టరీ తెరువు" అంటే "అదేంటి, ఎప్పుడూ చూడలేదే" అన్నాడు. తెరిచాం. పాత ఫ్యాక్టరీ వాళ్లు చేరిన తేదీ దగ్గర అతను నిజంగా చేరిన 2011 బదులు, యూఏఎన్‌లు ఇచ్చిన 2014 నాటి తేదీ పెట్టేశారు. మూడేళ్లు మాయం. అప్పట్లో రికార్డులు కంప్యూటర్‌కి ఎక్కించేటప్పుడు ఇలా ఒకే తేదీ అందరికీ వేసేసిన కంపెనీలు ఉన్నాయని తర్వాత అతని పాత సహోద్యోగులని అడిగితే తెలిసింది, వాళ్లలోనూ ఇద్దరు ముగ్గురికి ఇదే తంతు.

మూడేళ్లు పోతే ఏమవుతుంది అంటారా, లెక్క చూడండి. ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ పథకం) పెన్షన్ అంటే పెన్షన్‌కి లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించడం. 2014 సెప్టెంబర్ నుంచి ఆ జీతానికి పరిమితి 15,000, అంతకుముందు 6,500. అంటే 15,000 పరిమితి మీద ఒక ఏడాది సర్వీసు విలువ నెలకి దాదాపు 214 రూపాయలు, జీవితాంతం, ఆ తర్వాత కుటుంబ పెన్షన్‌కీ లెక్క దాని మీదే. 2014కి ముందు సర్వీసుకి పాత పరిమితితో లెక్క కాబట్టి కొంచెం తగ్గుతుంది. ఇది ఒకెత్తు. ఇంకా పెద్ద దెబ్బ ఏంటంటే నెలవారీ పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి. చివర్లో మిగిలే నెలలు ఆరు లేదా అంతకంటే ఎక్కువైతే ఏడాదిగా కలుపుతారు కాబట్టి తొమ్మిదేళ్ల ఆరు నెలలున్నా పదేళ్ల కిందే లెక్క. మా బావకి రికార్డు ప్రకారం తొమ్మిదేళ్లు దాటింది గానీ ఆ ఆరు నెలలు లేవు. ఇంకా ఉద్యోగంలో ఉన్నాడు కాబట్టి పర్వాలేదు. అదే ఆరోగ్యం బాగోక అప్పుడే మానేసి ఉంటే, నిజానికి పన్నెండేళ్లు చేసిన మనిషికి నెలనెలా పెన్షన్ లేదని చెప్పి, ఫారం 10సీ కింద కొంత మొత్తం చేతిలో పెట్టి పంపేవాళ్లు. ఒక గుమాస్తా ఒక గడిలో కొట్టిన తేదీ వల్ల.

దీన్ని సరిచేయించడం పేరు మార్చినంత సులువు కాలేదు. చేరిన తేదీ కూడా ఆ 11 వివరాల్లో ఉంది, రిక్వెస్ట్ పెట్టడం అయితే ఇట్టే అయిపోయింది. కానీ అతనిది పాత యూఏఎన్, కాబట్టి పాత ఫ్యాక్టరీ వాళ్ల లాగిన్‌లో అది కూర్చుంది. వాళ్లకి మా బావ ఇప్పుడెవరు? ఫోన్ చేస్తే చూస్తాం అంటారు, మెయిల్ పెడితే జవాబు లేదు, నేరుగా వెళ్తే మేనేజర్ లేడంటారు. సంతకం చేసే అధికారం ఉన్నాయన మారిపోయాడు, కొత్తాయన డిజిటల్ సంతకం ఇంకా రిజిస్టర్ కాలేదు అన్నారు ఒకసారి. అతను పాత అపాయింట్‌మెంట్ లెటర్, 2011, 2012 నాటి జీతం స్లిప్పులు జాగ్రత్తగా దాచుకున్నాడు కాబట్టి బతికిపోయాం. మా అక్క బీరువాలో పెళ్లి పత్రికలతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంచింది. ఆ కాగితాలు పెట్టి, పీఎఫ్ ఫిర్యాదుల సైట్ ఈపీఎఫ్ ఐజీఎంఎస్‌లో కంప్లైంట్ నమోదు చేసి, ఆ నంబరు ఫ్యాక్టరీ వాళ్లకి మెయిల్ చేశాక కదలిక వచ్చింది. ఆ సైట్ గురించి ఒక మంచి మాట చెప్పాలి. యూఏఎన్ కొడితే మన వివరాలు వస్తాయి, ఏ కంపెనీ గురించో ఎంచుకుని కాగితాలు జతచేయవచ్చు, నంబరు ఇస్తారు, రిమైండర్ కూడా పంపుకోవచ్చు. కంప్లైంట్ రాసేటప్పుడు కోపం, బాధ అంతా పక్కన పెట్టి, మెంబర్ ఐడీ ఇది, రికార్డులో తేదీ ఇది, అసలు తేదీ ఇది, ఆధారం ఇది అని నాలుగు వాక్యాల్లో రాయండి.

కంపెనీ మూతపడితే? అప్పుడు కూడా దారి ఉంది. గెజిటెడ్ అధికారి, నోటరీ లాంటివాళ్లతో జాయింట్ డిక్లరేషన్ అటెస్ట్ చేయించి పీఎఫ్ ఆఫీసులో ఇవ్వవచ్చు. దీని గురించి పోర్టల్‌లో ఎక్కడో సర్క్యులర్లో ఉంటుంది తప్ప, మామూలు కార్మికుడికి అర్థమయ్యేలా తెలుగులో ముందుపేజీలో ఉండదు. పరిశ్రమలు మూతపడిన ఊళ్లలో ఇలాంటి వాళ్లు వందల్లో ఉంటారు, వాళ్లకే ఈ సమాచారం అందనిది. ప్రతి నెలా 27న జిల్లాల్లో నిధి ఆప్కే నికట్ అని శిబిరం పెడతారు, ఆన్‌లైన్ చేతకాని పెద్దవాళ్లని అక్కడికి తీసుకెళ్లండి, కాగితాలు జిరాక్సులతో సహా.

ఇక మానేసిన తేదీ. ఇది కంపెనీ వేయకపోతే మీరే వేసుకోవచ్చు, 2020 నుంచి ఆ వీలుంది. చివరి చందా పడిన నెల తర్వాత రెండు నెలలు ఆగి, మార్క్ ఎగ్జిట్‌లో వేయాలి, ఓటీపీ అంతే. చివరి చందా పడిన నెలలోని తేదీనే వేయగలరు. దీనికి ఐదుకి ఐదు. మనలో చాలామందికి ఇది తెలియక పాత కంపెనీ చుట్టూ తిరుగుతుంటారు. పాత కంపెనీలో మానేసిన తేదీ, కొత్త కంపెనీలో చేరిన తేదీ ఒకదాని మీద ఒకటి పడితే ట్రాన్స్‌ఫర్ తిరగ్గొట్టే అలవాటు ఉండేది, 2025 మే నెలలో ఆ ఒక్క కారణంతో తిరగ్గొట్టొద్దని సర్క్యులర్ ఇచ్చారు. ఎవరికైనా అలా ఆగి ఉంటే ఆ మాట గుర్తు చేస్తూ మళ్లీ పెట్టండి.

నేను రెండు మార్కులు ఇచ్చింది మాత్రం దీనికి: పెన్షన్ వాటా గడికి.

పాస్‌బుక్‌లో మూడు నిలువు వరుసలుంటాయి, మన వాటా, కంపెనీ వాటా, పెన్షన్ వాటా. బేసిక్, డీఏ కలిపి 25,000 అనుకుంటే మన 12 శాతం 3,000. కంపెనీ కూడా 3,000 కడుతుంది, అందులో 1,250 పెన్షన్‌కి, మిగతా 1,750 పీఎఫ్‌కి పోతుంది. పెన్షన్‌కి 8.33 శాతం అని ఉన్నా 15,000 మీదే లెక్క కాబట్టి 1,250 దాటదు. ఇంతవరకు బానే ఉంది. 2014 సెప్టెంబర్ 1 నుంచి మొదటిసారి పీఎఫ్‌లో చేరి, ఆ చేరిన రోజే జీతం 15,000 దాటి ఉంటే వాళ్లు ఈపీఎస్ సభ్యులు కారు, కంపెనీ వాటా మొత్తం పీఎఫ్‌కే పోవాలి. కానీ చాలా కంపెనీల సాఫ్ట్‌వేర్లు అందరికీ ఒకేలా 1,250 తీసి పెన్షన్ ఖాతాలో వేసేశాయి. ఉద్యోగి పదేళ్లు దాటాక ఫారం పెడితే "నువ్వు అర్హుడివి కావు" అంటారు. దీనికి రివర్స్ కూడా ఉంది, ఇది ఇంకా బాధ. పాత కంపెనీలో ఈపీఎస్ సభ్యుడిగా ఉన్న మనిషి ఎక్కువ జీతానికి కొత్త చోట చేరితే, అతను కొత్తవాడే అనుకుని పెన్షన్ వరుసలో సున్నా పెట్టేస్తారు. అతనికి సర్వీసు ఆగిపోయినట్టే.

ఈ రెండింటికీ మూలం ఒకటే కాగితం, ఉద్యోగంలో చేరిన రోజు చేతికిచ్చే ఫారం 11. అందులో ఇంతకుముందు పీఎఫ్ సభ్యుడివా, పెన్షన్ పథకంలో సభ్యుడివా అని అడుగుతారు. ఆ రోజు ఇరవై కాగితాల మధ్యలో అది కూడా ఒకటి, హెచ్‌ఆర్ వాళ్లు "ఇక్కడ సంతకం పెట్టండి" అంటారు, పెట్టేస్తాం. దయచేసి ఆ ఫారం చదవండి, ఫొటో తీసి పెట్టుకోండి.

తప్పు పడ్డాక సరిచేయాలంటే ఆ 11 వివరాల్లో ఇది లేదు. ఉద్యోగికి బటన్ లేదు. కంపెనీయే పీఎఫ్ ఆఫీసుకి రాయాలి, పెన్షన్ ఖాతా నంబరు 10 నుంచి పీఎఫ్ ఖాతా నంబరు 1కి మార్చమనో, లేదా అటు నుంచి ఇటో, నెలల వారీగా పట్టిక ఇచ్చి. ఎన్‌సీపీ డేస్ అనే గడి సంగతీ ఇదే. జీతం లేని రోజులు అన్నమాట, అవి పెన్షన్ సర్వీసులోంచి తీసేస్తారు. జీతం వచ్చిన నెలకి కూడా ఆ గడిలో 30 అని కొట్టి కంపెనీ పీఎఫ్ ఆఫీసుకి పంపిన నెలవారీ లెక్క మీకు తెలిసే అవకాశమే లేదు, మీరే సర్వీస్ హిస్టరీలో చూసుకుంటే తప్ప. మన రికార్డు, మన డబ్బు, మన ముసలితనం, తప్పు చూపించే దారి మాత్రం మన చేతిలో లేదు. ఇది మారాలి. కనీసం ఉద్యోగి ఆన్‌లైన్‌లో "ఈ నెల పెన్షన్ వాటా తప్పు" అని గుర్తు పెట్టే వీలైనా ఇస్తే, కంపెనీ గడువులోగా జవాబివ్వాల్సి వస్తుంది.

కంగారు పడక్కర్లేనివి రెండు చెబుతాను, చాలామంది వీటికి అనవసరంగా టెన్షన్ పడతారు. పెన్షన్ వరుసకి వడ్డీ పడలేదని, అది తప్పు కాదు. పెన్షన్ జమ అయిన మొత్తం మీద రాదు, సర్వీసు మీద, జీతం మీద వస్తుంది. 2023-24, 2024-25లకి ఇచ్చిన 8.25 శాతం వడ్డీ పీఎఫ్ వాటాలకే. రెండోది, ట్రాన్స్‌ఫర్ అయ్యాక కొత్త పాస్‌బుక్‌లో పాత పెన్షన్ మొత్తం సున్నా కనిపించడం. డబ్బు పోలేదు, సర్వీసు కలుస్తుంది. కలిసిందా లేదా చూసుకోవాల్సింది సర్వీస్ హిస్టరీలో, అక్కడ పీఎఫ్ చేరిన తేదీ, ఈపీఎస్ చేరిన తేదీ విడివిడిగా ఉంటాయి, రెండూ చూడండి. పాత కంపెనీది సొంత పీఎఫ్ ట్రస్ట్ (పీఎఫ్ డబ్బు కంపెనీయే చూసుకునే ఏర్పాటు) అయితే మాత్రం అనెక్షర్ కె అనే పత్రం వచ్చిందో లేదో పట్టుబట్టి అడగండి, సర్వీసు వివరాలు దాంట్లోనే వస్తాయి.

డబ్బులు తీసుకుని సరిచేస్తాం అనేవాళ్ల గురించి కూడా ఒక మాట. ఫారం నింపిపెట్టినందుకు నెట్ సెంటర్ అబ్బాయికి వంద రూపాయలు ఇవ్వడం వేరు. పాస్‌వర్డ్, ఆధార్ ఓటీపీ అడిగి, వచ్చే డబ్బులో వాటా మాట్లాడుకునేవాళ్లు వేరు. వాళ్ల దగ్గర మనకి లేని దారి ఏదీ లేదు. మీ యూఏఎన్‌లో ఫోన్ నంబరు వాళ్లది పెట్టించుకున్నారంటే ఆ తర్వాత ఓటీపీలన్నీ వాళ్లకే.

బావకి చివరికి 2011 తేదీ పడింది. ఇప్పుడు అతని పక్కన పనిచేసే వాళ్లందరి సర్వీస్ హిస్టరీలు భోజనాల టైంలో ఫోన్లో తెరిపించి చూపిస్తున్నాడట. ఒకతనికి పెన్షన్ వరుసలో ఏడాదిన్నర పాటు సున్నాలు దొరికాయి, వచ్చే 27న ఇద్దరూ కలిసి శిబిరానికి వెళ్తున్నారు.